1973 అంబాసిడర్: నడుపుతూ బాగుచేయించాలా, విప్పేసి బాగుచేయించాలా?

కంటోన్మెంట్ కుర్రాడు:
శ్రీకాకుళంలో ఒక మాస్టారి ఇంట్లో ఉన్న 1973 మార్క్-2 అంబాసిడర్ బేరం కుదిరింది. ఆదివారం డెలివరీ. స్టార్టవుతోంది, గేర్లు పడుతున్నాయి, ఆర్‌సీ రెన్యువల్ అయి ఉంది. చిలకపాలెం, రణస్థలం, నాతవలస మీదుగా విజయనగరం నడిపి తెచ్చేసి, రోజూ వాడుకుంటూ ఒక్కో పనీ చేయించుకుందామని నా ఆలోచన. లారీ మీద తెచ్చి షెడ్‌లో మొత్తం విప్పాల్సిందేనని మా బావ పట్టు. మీరేమంటారు?

ఆమదాలవలస అంబీ:
విప్పకండి. విప్పిన బండి మళ్లీ బిగిసిన ఇళ్లు తక్కువ. తలుపులు అటక మీద, బోల్టులు హార్లిక్స్ సీసాలో, మెకానిక్ ఇంకో ఊళ్లో. నడుస్తుంటేనే బండి తన రోగం చెబుతుంది. డైనమో ఛార్జ్ చేస్తోందా, ఎండలో ట్రాఫిక్‌లో ఇంజన్ వేడెక్కుతోందా అన్నవి షెడ్‌లో తెలిసేవి కావు.

గ్రీజు చేతులు:
అంబీ గారు చెప్పింది ఇంజన్ వరకు నిజం. బ్రేకుల మాటేంటి? ఆ కాలం అంబాసిడర్‌కి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, వాటికి బ్రేక్ ఆయిల్ పంపే హైడ్రాలిక్ లైను ఒక్కటే. ఎక్కడ ఒక్క హోస్ పగిలినా నాలుగూ పోతాయి, మిగిలేది హ్యాండ్ బ్రేకు. బ్రేక్ ఆయిల్ తేమను పీలుస్తుంది. నిలబెట్టేసిన బండిలో వీల్ సిలిండర్లు, అంటే చక్రాల దగ్గర బ్రేకుల్ని నొక్కేవి, లోపల్నుంచి తుప్పు పడతాయి. ఇంటి ముందు తొక్కితే పెడల్ గట్టిగానే ఉంటుంది, హైవే మీద లారీ వెనక గట్టిగా తొక్కినప్పుడు తెలుస్తుంది దాని సంగతి. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్ల కిట్లు, హోసులు, టైర్లు కొత్తవి పడేదాకా నేనైతే వీధి చివర దాకా కూడా నడపను.

పూల్‌బాగ్ టింకర్:
ఇంకోటి. అంబాసిడర్‌కి జీపులా విడి ఛాసిస్ ఉండదు, బాడీయే దాని బలం. మన వైపు సముద్రపు ఉప్పు గాలి. డోర్ల కింద పట్టీలు, ఫ్లోరు, వెనక కమాను పట్టీలు బిగించిన చోట్లు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. దిగబడితే పెయింట్ సంగతి మరిచిపోండి, ముందు వెల్డింగ్. అది నడుపుతూ చేయించే పని కాదు.

బావ:
నేను చెప్పింది ఇదే కదా! పైగా 50 ఏళ్లు దాటిన బండి. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించి దర్జాగా ఉంచుకోవచ్చు.

ఆమదాలవలస అంబీ:
బావ గారూ, అదే చేస్తే రోజూ నడపడం కుదరదు. 2021లో కేంద్రం తెచ్చిన ఆ నిబంధనల్లో 'వీఏ' నంబరు ప్లేటు వస్తుంది, ఫీజు 20,000 రూపాయలు. ఆ తర్వాత ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, రిపేర్లకి లాంటి పనులకే రోడ్డెక్కాలి. కూరగాయలు తేవాలంటే మామూలు ఆర్‌సీయే ఉంచుకుని, ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. ఇన్సూరెన్స్ ఉందో లేదో ఎవరూ అడగలేదేంటి?

గ్రీజు చేతులు:
పెట్రోల్ పైపులు కూడా చూడండి. ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు, పంపులోని రబ్బరు దాన్ని తట్టుకోవు. కారిన పెట్రోలు వేడి ఇంజన్ మీద పడితే మంటే. ఖర్చు చిన్నదే, ఈ పని మొదటి వారంలోనే కానివ్వండి.

కంటోన్మెంట్ కుర్రాడు:
అందరికీ థ్యాంక్స్. ఇన్సూరెన్స్ నిన్ననే కట్టాను. అయినా బండి లారీ మీదే వస్తుంది, బావ గెలిచాడు. స్క్రూడ్రైవర్ పరీక్ష మాత్రం డబ్బులిచ్చే ముందే, మాస్టారి ఎదురుగానే. ఫ్లోరు గట్టిగా ఉంటే బ్రేకులు, పైపులు, టైర్లు మార్చి రోడ్డెక్కిస్తా. సీట్లు, పెయింట్, క్రోమ్ నడుపుతూనే.

బావ:
మరి ఇంజన్ దింపవా?

కంటోన్మెంట్ కుర్రాడు:
పొగ వస్తే దింపుతా బావా. నీ సరదా కోసం దింపను.