ప్రాంగణం తెరుచుకుంది, విద్యార్థి బృందాలు మాత్రం తిరిగి రాలేదు: ఏం చేయవచ్చు?

ప్రశ్న (అధ్యాపకుడు, విద్యార్థి బృందాల బాధ్యుడు):

నేను విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతాను. దానితో పాటు నాటకం, చర్చావేదిక, పత్రిక వంటి విద్యార్థి బృందాల బాధ్యత కూడా కొన్నేళ్లుగా నాదే. కోవిడ్ వల్ల 2020 మార్చిలో మూతపడిన మా ప్రాంగణం పూర్తిగా తెరుచుకునేసరికి ఏడాదిన్నర దాటింది. తరగతుల హాజరు త్వరగానే కుదుటపడింది, పరీక్షలు గాడిలో పడ్డాయి, ప్రయోగశాలలు నిండాయి. కానీ సాయంత్రం తరగతులు ముగిసిన అరగంటకే ప్రాంగణం ఖాళీ అవుతోంది. సమావేశానికి పిలిస్తే విద్యార్థులు వస్తారు, మర్యాదగా కూర్చుంటారు, వెళ్లిపోతారు. రెండోసారి పిలిస్తే ఆ వచ్చినవారిలోనూ సగం మంది కనిపించరు.

మొదట దీన్ని వ్యాధి భయం అనుకున్నాను, కానీ మాస్కులు తీసేశాక కూడా పరిస్థితి మారలేదు. తరువాత ఫోన్లకు అలవాటు పడిపోయారని నిందించాను. ఆ మాట అనడానికి పెద్దగా ఆలోచించనక్కరలేదు కదా. ఇప్పుడు ఆ రెండు కారణాలూ సరిపోవనిపిస్తోంది. ఇలాంటి స్థితి నుంచి ఏదైనా బృందం కోలుకోవడం మీరు చూసి ఉంటే, అక్కడ ఏది పనిచేసిందో, ఏది పనిచేయలేదో చెప్పగలరా?

సమాధానం 1 (నాటక బృందం పూర్వ కార్యదర్శి):

మాస్టారూ, ఒక్కసారి బ్యాచ్‌ల లెక్క చూడండి. మూడేళ్ల కోర్సులో 2019లో చేరినవారు ప్రాంగణాన్ని చూసింది కొన్ని నెలలే, 2020లో చేరినవారు మొదటి ఏడాది తమ సహాధ్యాయులను తెర మీదే చూశారు. వీళ్లు సీనియర్లు అయ్యేసరికి మునుపటి ప్రాంగణం ఎలా నడిచేదో చెప్పగలిగినవాళ్లంతా పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోయారు. అంటే మీ విద్యార్థులకు ఇష్టం లేక కాదు, ఎలా చేయాలో చూపించేవారు లేక ఆగిపోయారు.

బృందాన్ని నడిపే విద్య ఏ నియమావళిలోనూ ఉండదు. వేదిక తాళం ఎవరి దగ్గర ఉంటుంది, అనుమతి పత్రం ఎలా రాస్తే ఆ రోజే సంతకం అవుతుంది, ఏ సాయంత్రం రిహార్సల్ పెడితే ప్రయోగశాల పనికి అడ్డు రాదు, వేషం ఇవ్వలేదని అలిగినవాణ్ణి మళ్లీ ఎలా పిలవాలి వంటివన్నీ సీనియర్ పక్కన తిరుగుతూ జూనియర్ నేర్చుకునే సంగతులు. రెండు బ్యాచ్‌ల పాటు ఆ తిరుగుడు ఆగితే అన్నీ మరుపున పడతాయి.

మేము మొదట పరిచయ సభలు పెట్టాం, నాయకత్వ శిక్షణ అని ఒక రోజంతా ఉపన్యాసాలు ఇప్పించాం. వాటివల్ల ఏ ప్రయోజనమూ కలగలేదు. తరువాత మూతపడకముందు చదివిన నలుగురిని పిలిచి, ఉపన్యాసం వద్దని చెప్పి, కొత్తవారితో కలిసి ఒక చిన్న నాటకాన్ని పాత్రల ఎంపిక నుంచి ప్రదర్శన అయ్యాక బల్లలు సర్దడం దాకా చేయమన్నాం. ఏడు వారాలు పట్టింది. ప్రదర్శన అంతంత మాత్రమే, కానీ మరుసటి ఏడాది ఆ పిల్లలు ఎవరి సాయమూ లేకుండానే నాటకం వేశారు. చర్చావేదిక విషయంలో ఇదే పద్ధతి ఫలించలేదు. ఎందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

సమాధానం 2 (విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రంలో వైద్యురాలు):

పైన చెప్పినదానితో ఏకీభవిస్తాను, అయితే కోలుకోవడం ప్రాంగణం తెరిచాక మొదలయ్యే పని కాదని, మహమ్మారి నడుస్తున్న రోజుల్లో మనం విద్యార్థులతో ఎలా మసలుకున్నామన్నదాని మీద అది చాలావరకు ఆధారపడుతుందని నా అనుభవం. 2020 ఆగస్టులో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయం ఒక వసతి గృహం మురుగునీటిలో వైరస్ జాడ కనిపెట్టి, అక్కడి 311 మందికి పరీక్షలు చేసి, లక్షణాలేవీ లేని ఇద్దరిని గుర్తించింది. అదే కాలంలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం లాలాజల పరీక్షను వారానికి రెండుసార్లు తప్పనిసరి చేసింది. అయినా తొలి వారాల్లో కేసులు పెరిగాయి, ఎందుకంటే వ్యాధి సోకిందని తెలిసి కూడా కొందరు విందులకు వెళ్లారు. వ్యాధి ఎవరికి ఉందో పరీక్ష చెబుతుంది, అంతే; తెలిసిన తరువాత ఆ మనిషి గదిలో ఉండాలంటే మన మీద అతనికి నమ్మకం ఉండాలి.

మా దగ్గర మొదట్లో విద్యార్థులు జ్వరాన్ని దాచేవారు. ఐసొలేషన్ గదికి పంపితే పరీక్ష పోతుందని, పది రోజులు పలకరించే దిక్కు ఉండదని వారి భయం, అది నిరాధారమైన భయం కూడా కాదు. పరీక్ష వాయిదా హామీని లిఖితపూర్వకంగా ఇప్పించి, గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ రోజుకు రెండుసార్లు ఫోన్ చేసే తోటి విద్యార్థిని నియమించాక, లక్షణాలు కనిపించగానే వారే వచ్చి చెప్పడం మొదలైంది. ఫోన్లు చేసిన ఆ పిల్లలే తరువాత మా విద్యార్థి బృందాలకు ఆయువుపట్టు అయ్యారు. మీ ప్రాంగణంలోనూ అలాంటివారు ఉండే ఉంటారు. ఆ రోజుల్లో ఎవరు ఎవరికి సాయపడ్డారో వాకబు చేయండి.

సమాధానం 3 (పరిశోధక విద్యార్థిని):

నాకు కొంత భిన్నాభిప్రాయం ఉంది. మునుపటి ప్రాంగణాన్ని యథాతథంగా తిరిగి తేవాలన్న లక్ష్యమే సరైనదా? చక్రాల కుర్చీలో తిరిగే నా స్నేహితురాలు మెట్లెక్కలేక ఎన్నడూ వెళ్లని పఠన బృందంలో, అది ఆన్‌లైన్‌లో జరిగిన ఏడాదిన్నరలో ఒక్క వారం కూడా మానలేదు. తలుపులు తెరిచిన రోజున అందరూ సంబరంగా పాత గదికి వెళ్లిపోయారు, ఆమె మళ్లీ బయటే ఉండిపోయింది.

ఇంకొక సంగతి, తిరిగి వచ్చినవారిలో తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవారు ఉన్నారు. వారిని స్వాగత సంబరాలతో ఎదుర్కొన్నాం గానీ, పోయినవారిని తలుచుకోవడానికి ఒక్క పూట కేటాయించలేదు. మా విభాగంలో ఆలస్యంగానైనా ఒక మధ్యాహ్నం అందుకోసం కూర్చున్నాం, మాట్లాడాలనుకున్నవారు మాట్లాడారు, తక్కినవారు ఊరకే ఉన్నారు. ఆ తరువాతే కొందరు మాతో మామూలుగా కలవగలిగారు.

పనిలో పనిగా ఒక మాట: 1665లో ప్లేగు వల్ల కేంబ్రిడ్జ్ మూతపడితే న్యూటన్ ఇంట్లో కూర్చుని ఎన్ని కనిపెట్టాడో చూడమని ఆ రోజుల్లో మాకు పదేపదే హితబోధ చేశారు. ఆయనకు వెళ్లడానికి పల్లెలో ఒక ఇల్లూ, ఎవరూ కదిలించని తీరికా ఉన్నాయి; మాలో చాలామందికి అవి రెండూ లేవు.

ప్రశ్న అడిగినవారు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. నేను విద్యార్థులను ఎలా రప్పించాలా అని ఆలోచించానే తప్ప, వచ్చినవారికి ఎవరు చూపించాలన్నది ఆలోచించలేదు. 2019లో పట్టా పుచ్చుకున్న నలుగురికి ఈ రోజే రాశాను, ఇద్దరు వెంటనే ఒప్పుకున్నారు. పఠన బృందాన్ని కింది అంతస్తుకు మార్చి, ఆన్‌లైన్‌లో చేరే వీలు కూడా ఉంచుతాం. స్మరణ సమావేశం గురించి మాత్రం, ఇంత ఆలస్యంగా పెట్టడం తగునా అని ముందుగా ఆ విద్యార్థులనే అడుగుతాను.

సమాధానం 1 ఇచ్చినవారు:

మంచిది మాస్టారూ. ఆ ఇద్దరూ వచ్చే లోపు వేదిక తాళం ఎవరి దగ్గర ఉందో కనుక్కుని ఉంచండి. మాకు ఆ ఒక్క పనికే రెండు వారాలు పట్టింది.