డయాలిసిస్ ఫిల్టరు పొర వల్ల తెల్లరక్తకణాలు దెబ్బతింటాయా?

ప్రశ్న (అమలాపురం నుంచి):
మా నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలిసిస్ జరుగుతోంది. ఆయన డయలైజరును (రక్తాన్ని వడకట్టే ఫిల్టరును) కడిగి మళ్లీ ఆయనకే వాడుతున్నారు. ఫిల్టరు పొరను బట్టి రోగనిరోధక కణాలు రెచ్చిపోతాయని, పోనుపోను నీరసిస్తాయని చదివాను. చిన్న గాయం కూడా తొందరగా మానకపోవడానికి, మిషను మీద ఉండగా ఒక్కోసారి చలి, వణుకు రావడానికి ఈ పొరే కారణమా?

జవాబు (కాకినాడ, నెఫ్రాలజీ విద్యార్థిని):
మీరు చదివినది ఎక్కువగా కుప్రోఫాన్ వంటి పాత సెల్యులోజ్ పొరల సంగతి అయి ఉంటుందండి. ఆ పొర మీది హైడ్రాక్సిల్ సమూహాలకు రక్తం తగలగానే కాంప్లిమెంట్ ప్రోటీన్లు (రక్తంలోని ఒక రకం రోగనిరోధక ప్రోటీన్లు) చైతన్యమై, వాటినుంచి విడివడిన సీ3ఏ, సీ5ఏ ముక్కల ప్రభావంతో న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాలకు అతుక్కునేవి. అందువల్ల మొదలుపెట్టిన 15 నిమిషాలకు రక్తం తీసి చూస్తే తెల్లకణాల లెక్క బాగా పడిపోయి కనిపించేది, కాసేపటికి మళ్లీ పెరిగేది. నేడు ఎక్కువగా వాడే పాలీసల్ఫోన్ వంటి పొరలతో ఈ ప్రతిచర్య చాలా తక్కువ, అయితే బొత్తిగా లేదనలేము.

గాయం మానకపోవడానికి పొరకన్నా యురీమియానే (కిడ్నీలు పనిచేయక వ్యర్థాలు రక్తంలో పేరుకోవడాన్నే) ఎక్కువగా అనుమానించాలి. మధుమేహం ఉంటే దానినీ కలుపుకోవాలి. రక్తంలో నిలిచిపోయిన విషపదార్థాల వల్ల టీ కణాలనే మరో రకం తెల్లకణాలు, న్యూట్రోఫిల్స్ రెండూ మందగిస్తాయి. డయాలిసిస్ రోగులకు హెపటైటిస్-బి టీకా రెట్టింపు మోతాదులో ఇవ్వడం అందుకే.

జవాబు (భీమవరం, డయాలిసిస్ టెక్నీషియన్):
చలి గురించి మాత్రం నేను నీటి గురించే ముందు అడుగుతాను. నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల్లో నీటితో కలిపిన 120 లీటర్ల డయాలిసిస్ ద్రవం ఆ పొర అవతల ప్రవహిస్తుంది. మన తీరగ్రామాల బోరు నీటి ఉప్పును ఆర్వో ప్లాంటు తీసేస్తుంది గాని, ప్లాంటు దాటాక పైపుల లోపల జిగురులా పేరుకునే బ్యాక్టీరియా నుంచి వచ్చే ఎండోటాక్సిన్ ముక్కలు పొర దాటితే మోనోసైట్లు అనే తెల్లకణాలు రేగి చలిజ్వరం వస్తుంది. పైపులను ఎప్పుడు శుద్ధి చేశారో, ఎండోటాక్సిన్ పరీక్ష రిపోర్టు ఉందో లేదో అడగండి. డయలైజరు కడిగిన తర్వాత రసాయనం మిగిలిందేమో స్ట్రిప్‌తో చూస్తున్నారా అన్నదీ గమనించండి. ఇంతకీ నాన్నగారికి ఫిస్టులా (చేతిలో ధమనిని సిరతో కలిపి చేసే రక్తమార్గం) ఉందా, మెడలో క్యాథెటరా (సిరలో పెట్టే గొట్టమా)?

ప్రశ్న అడిగినవారు:
మెడలో క్యాథెటరే ఉందండి. చేతికి ఫిస్టులా ఇంకా వేయలేదు.

జవాబు (కాకినాడ, నెఫ్రాలజీ విద్యార్థిని):
అయితే నీటి రిపోర్టు వచ్చేదాకా ఆగకండి. క్యాథెటరు ఉన్నవారికి చలి వస్తే రక్తంలో ఇన్‌ఫెక్షన్ లేదని తేలేవరకు ఉన్నట్టే భావించాలి. ఈరోజే డాక్టరుగారికి చెప్పి, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్లు (రక్తంలో సూక్ష్మజీవులు ఉన్నాయేమో చూసే పరీక్షలకు రక్తం) తీయించండి. ఫిస్టులా సంగతి కూడా అప్పుడే అడగండి.