న్యూ ఇంగ్లండ్ పాల ఒప్పందానికి కాంగ్రెస్ మళ్లీ ఊ కొట్టాలా?

పాలపిట్ట:
అమెరికాలో వెర్మాంట్, మెయిన్ సహా ఆరు న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాలు ఒక ఒప్పందంగా కలిసి, తాగే పాలకు కనీస ధర పెట్టుకోవడానికి 1996 వ్యవసాయ చట్టంలో (ఫార్మ్ బిల్లు) కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, అనుమతిచ్చింది, 2001 సెప్టెంబరు 30న గడువైపోతే పొడిగించలేదు. మళ్లీ అడగాలనే నేనంటాను. ఊళ్లో పాలకేంద్రానికి పాలు పోసిన ఇంట్లో పుట్టినవాణ్ణి, దాణా రేటూ పాల రేటూ రెండూ ఎవడో చెప్తుంటే ఎలా ఉంటుందో తెలుసు.

బోస్టన్ బాబాయి:
నువ్వు పోసేవాడివి, నేను కొనుక్కునేవాణ్ణి. వంద పౌండ్ల పాలకు, అంటే దాదాపు 45 కిలోలకు, 16.94 డాలర్లు ఖాయం చేశారు, రేటు అంతకన్నా తగ్గితే తేడా రైతు దగ్గర పాలు కొని ప్యాక్ చేసే ప్రాసెసర్ కట్టాలి. వాడు జేబులోంచి కడతాడా? నా పాల డబ్బా మీద వేస్తాడు. అయినా ఆ గోలేదో రాష్ట్రాలే చూసుకోవచ్చుగా?

పాలపిట్ట:
చూసుకోబోయారు బాబాయ్. మసాచుసెట్స్ తన దగ్గర అమ్మే పాలన్నిటి మీదా, బయటి రాష్ట్రాల పాలతో సహా, డీలర్ల దగ్గర డబ్బు వసూలు చేసి సొంత రైతులకే పంచింది. రాష్ట్రాల మధ్య వ్యాపారానికి అడ్డని 1994లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అలాంటి చిక్కు రాకూడదనే ఆరు రాష్ట్రాలూ అనుమతి కోసం కాంగ్రెస్ గడప తొక్కాయి. ఈ ఒప్పందంలో మాత్రం న్యూ ఇంగ్లండ్‌కు పాలు పంపే న్యూయార్క్ రైతుకూ వాటా వచ్చింది, పేద తల్లులూ పిల్లలకు పాలిచ్చే విక్ పథకం మీద పడిన భారాన్ని ఒప్పందాన్ని నడిపిన కమిషనే తిరిగి కట్టింది.

విస్కాన్సిన్ వాసి:
అప్పటి మా సెనేటర్లు కోల్, ఫైన్‌గోల్డ్ ఊరికే ఎదురు తిరగలేదు తమ్ముడూ. ఇక్కడి పాలు ఎక్కువగా చీజ్‌కే పోతాయి. అక్కడ మంచి రేటు ఉంటే ఇంకా పితుకుతారు, తాగగా మిగిలింది చీజో పొడో అయి మా రేటు మీద పడుతుంది. వెనకే దక్షిణాది రాష్ట్రాలూ మాకూ ఒకటి కావాలన్నాయి, అలా ఎన్నింటికి ఒప్పుకుంటారు?

పాలపిట్ట:
మిగులు పాల సరుకు కేంద్రం కొనాల్సొస్తే ఆ ఖర్చు కమిషన్ కట్టాలనే షరతు చట్టంలోనే ఉందన్నా. పైగా 2002లో కేంద్రం అదే 16.94ను దేశమంతటికీ కొలబద్ద చేసి, బోస్టన్ ధరకూ దానికీ ఉన్న తేడాలో 45 శాతం రైతులకిచ్చింది. మీ వాళ్లూ చెక్కులు తీసుకున్నారుగా!

విస్కాన్సిన్ వాసి:
తీసుకున్నారు. అది ఖజానా డబ్బు, ఎవడి పాల డబ్బా మీదా పడలేదు.

బోస్టన్ బాబాయి:
ఆ ఖజానాకి కట్టేదీ నేనే కదయ్యా.