నాలుగేళ్లు దాటినా గోరుముద్దలేనా? పిల్లలు తమ చేత్తో తినాల్సింది ఎప్పటి నుంచి?

విశాఖ సంపెంగ (చర్చ మొదలుపెట్టినవారు)

మా బాబుకు నాలుగున్నరేళ్లు, ఎల్‌కేజీ. ఇంట్లో వాడికి మా అత్తయ్య తినిపిస్తారు. ఎదురుగా ఫోను ఉండాలి, అందులో కార్టూన్ నడుస్తూ ఉండాలి. కళ్లు తెర మీద ఉంటాయి, ముద్ద దగ్గరకు రాగానే నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. ఏ కూరతో తిన్నావురా అని అడిగితే చెప్పలేడు. బడికి పంపిన డబ్బా మాత్రం ఎలా వెళ్లిందో అలాగే తిరిగి వస్తుంది. అక్కడ తినిపించేవారూ లేరు, ఫోనూ లేదు.

ఇప్పటి నుంచైనా వాడి కంచంలో వాడే కలుపుకుని తినాలని నేనంటాను. పసివాడు, కడుపు నిండదు, చిక్కిపోతాడని అత్తయ్య అంటారు. "నాకు ఏడో తరగతి దాకా అమ్మే తినిపించింది, నేనేమైనా పాడయ్యానా?" అని మావారు అంటారు. మీ ఇళ్లలో ఎలా జరుగుతోంది? ఏ పక్షమైనా సరే, కారణం చెప్పి వాదించండి.

తెనాలి అమ్మమ్మ

నేను మీ అత్తయ్య పక్షమే. ముగ్గురు పిల్లలకు, ఆ తర్వాత మనవలకు ఈ చేత్తోనే పెట్టాను.

అన్నం కలపడం ఒక విద్య తల్లీ. వేడి తగ్గిన అన్నాన్ని మెత్తగా మెదిపి, ముద్దపప్పు, నెయ్యి వేసి, ఆవకాయ ముక్కను మంచినీళ్లలో కడిగి, అందులోంచి గోరంత తునక ముద్ద మధ్యలో పెడతాను. పిల్లవాడికి కారం తగలదు, రుచి తెలుస్తుంది. అలా పెట్టబట్టే మా మనవరాలు ఈ రోజు గోంగూర, కాకరకాయ పేరు చెబితే పారిపోకుండా తింటుంది. చేపలో ముల్లు నా వేళ్లకు తెలుస్తుంది. నాలుగేళ్ల పిల్లవాడికి ఎలా తెలుస్తుంది?

వాడికే వదిలేస్తే నాలుగు మెతుకులు కొరికి "చాలు" అని లేచిపోతాడు. గంట తిరగకుండా బిస్కెట్ కావాలంటాడు. ఫోను నాకూ ఇష్టం లేదు. మా రోజుల్లో వాకిలి ఉండేది, పిచ్చుకలు ఉండేవి, పక్కింటి దూడ ఉండేది. ఆరో అంతస్తు ఫ్లాట్‌లో పెద్దావిడను, పసివాణ్ని పెట్టి అందరూ ఉద్యోగాలకు వెళ్లిపోతే ఆవిడ మాత్రం ఏం చూపించి తినిపిస్తుంది? ఆ ఫోను ఇంట్లోకి తెచ్చింది ఆవిడ కాదు కదా.

కొత్తపేట నాన్న

అమ్మమ్మగారూ, మీరు చెప్పిన ముద్ద మీద నాకు అభ్యంతరం లేదు. కానీ ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. చెయ్యి ఎవరిది అనేది ఒకటి, కళ్లు ఎక్కడున్నాయనేది రెండోది. నా దృష్టిలో రెండోదే పెద్ద ప్రమాదం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లల కోసం ఇచ్చిన సూచనల్లో ఏడాది పిల్లలకు తెర వద్దేవద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజు మొత్తంలో గంటకు మించకూడదని ఉంది. మన దేశంలోని పిల్లల వైద్యుల సంఘం కూడా రెండేళ్లలోపు వారికి తెర వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వారికి గంట దాటనివ్వవద్దని చెబుతోంది. మూడు పూటలా తెర ముందు అన్నం పెడితే, పూటకు అరగంట చొప్పున లెక్క వేసినా ఆ గంట రాత్రి భోజనానికి ముందే అయిపోతుంది.

గంటల లెక్కకంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే ఉంది. తెర చూస్తున్న పిల్లవాడికి తన కడుపు నిండిందో లేదో తెలియదు. ఆకలి ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తీరింది అనేది మనిషి తనంతట తాను తెలుసుకోవలసిన మొదటి సంగతి. దాన్ని మనమే వాడి దగ్గర నుంచి లాగేసుకుంటున్నాం. బడిలో డబ్బా ముట్టకపోవడానికి కారణం బద్ధకం కాదండీ. ఆకలేసినప్పుడు ఏం చేయాలో వాడికి ఎవరూ నేర్పలేదు.

పాలమూరు టీచరమ్మ

నేను అంగన్వాడీ టీచరును. మా దగ్గరకు వచ్చేవాళ్లంతా మూడేళ్ల నుంచి ఆరేళ్లలోపు పిల్లలు. అందరూ తమ చేత్తోనే తింటారు. ఇది గొప్పగా చెప్పుకోవడానికి కాదు, ఇంతమందికి నోట్లో పెట్టడానికి నాకు, ఆయమ్మకు చేతులు చాలవు.

కొత్తగా చేరిన పిల్ల మొదట్లో కంచం ముందు కూర్చుని ఏడుస్తుంది. ఎవరైనా వచ్చి పెడతారేమోనని చూస్తుంది. నేను వెళ్లి అన్నం, పప్పు కలిపి నాలుగు చిన్న ముద్దలు చేసి కంచం అంచున వరసగా పెడతాను. నోట్లో పెట్టను. పక్కపిల్ల తింటుంటే చూసి తనూ ఒకటి తీసుకుంటుంది. కొన్నాళ్లకు నేను చేసే ముద్దలు రెండవుతాయి, తర్వాత ఒకటవుతుంది, ఆపైన కలిపి మాత్రమే ఇస్తాను. గుడ్డు ముక్కలు కోసి ఇస్తే ముందు అదే ఖాళీ అవుతుంది. చాప మీద అన్నం పడుతుంది, నిజమే. పిల్లలే ఏరి పళ్లెంలో వేస్తారు.

ఇంకో మాట. ముద్ద చేయడానికి వేళ్లలో బలం కావాలి. పొద్దున్నే ఫోనిచ్చి కూర్చోబెట్టిన పిల్లకు బొటనవేలు, చూపుడువేలు పట్టుగా కలవవు. ఇంట్లో చేతిపని ఇవ్వండి. చపాతీ పిండిలో చిటికెడు పసుపు కలిపి ఒక ముద్ద ఇస్తే పాములు, లడ్డూలు, గిన్నెలు చేస్తారు. రెండు గ్లాసుల మైదాకు గ్లాసు ఉప్పు, తగినన్ని నీళ్లు కలిపితే బొమ్మలు ఎండి గట్టిపడి నిలుస్తాయి. కానీ దాన్ని నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వకండి, ఉప్పు చాలా ఎక్కువ. కంది, బఠాణీ కాయలు ఒలవడం ఇంకా మంచిది. గింజలు నోట్లోకి, ముక్కులోకి పోకుండా పక్కనే ఉండాలి.

ఐదేళ్లు దాటిన పిల్లలతో మేము విస్తరి కుట్టిస్తాం. మోదుగాకులు దొరికితే సరే, లేకపోతే బాదం ఆకులు. మధ్యలో ఒక పెద్ద ఆకు పెట్టి, చుట్టూ ఒకదాని అంచు మీద ఒకటి వచ్చేలా ఆకులు పేర్చి, సన్నటి పుల్లను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి గుచ్చి మిగిలిన కొసను తుంచాలి. మొదటిసారి ఆకు చిరుగుతుంది. చిరగకుండా ఎంత నెమ్మదిగా గుచ్చాలో వేళ్లే నేర్చుకుంటాయి. తాను కుట్టిన విస్తట్లో వడ్డించిన అన్నాన్ని వదిలిన పిల్లను నేను ఇంతవరకు చూడలేదు. వడ్డించే ముందు పుల్ల కొసలు ఏవీ పైకి లేచి లేకుండా మనం చూసుకోవాలి.

నెల్లూరు కవలల తల్లి

అందరూ చెప్పినవి చదవడానికి బాగున్నాయి. నా ఉదయం చూడండి. ఏడున్నరకు బడి బస్సు. ఇద్దరు పిల్లలు. వాళ్ల చేత్తో తినమంటే ఇడ్లీ సగం చొక్కా మీద, చట్నీ జుట్టులో. మళ్లీ స్నానం, మళ్లీ బట్టలు. నేను తినిపిస్తే పది నిమిషాల్లో అయిపోతుంది. పిల్లల స్వాతంత్ర్యం గురించి చెప్పేవాళ్లలో ఎంతమంది ఆ తర్వాత నేల తుడుస్తున్నారు? ఇంట్లో నేల తుడిచేది ఎవరో అందరికీ తెలుసు.

అందుకే నేను పొద్దున పూట తినిపిస్తాను. దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పను. సెలవు రోజుల్లో, రాత్రుళ్లు వాళ్లే తింటారు. అప్పుడు కూడా చారన్నం లాంటివి కాకుండా చేతికి అంటకుండా పట్టుకునేవి చేస్తాను: చిన్న ఇడ్లీలు, పెసరట్టు ముక్కలు, ఉడికిన చిలగడదుంప, మెంతికూర కలిపిన చపాతీ చుట్ట. పెరుగన్నాన్ని కాస్త గట్టిగా కలిపి దానిమ్మ గింజలు వేస్తే గింజల కోసమైనా వేళ్లు పెడతారు. వీటిలో ఏదీ వండడానికి అరగంట కూడా పట్టదు.

డాలస్ కోడలు

మా అమ్మాయి ఏడాది నుంచీ డేకేర్‌లో తన చేత్తోనే తింటోంది. తినిపించమంటే అక్కడివాళ్లు ఆశ్చర్యపోతారు. అయితే పూర్తిగా ఆ పద్ధతే గొప్పదని నేను అనను. మా పాప చెంచాతో పాస్తా చక్కగా తింటుంది, పప్పన్నం కలపడం రాదు. పప్పు ఒక మూల, అన్నం ఒక మూల ఉండిపోతాయి. అమ్మ వచ్చి నెలలపాటు కలిపి పెట్టాకే దానికి ఆ రుచి తెలిసింది. కాబట్టి తెనాలి అమ్మమ్మగారు విద్య అన్నది నిజమే. కానీ విద్య అయితే నేర్పాలి కదండీ, ఎప్పటికీ గురువే చేసి పెట్టకూడదు.

ఇక్కడ ఎల్లిన్ శాటర్ అనే పోషకాహార నిపుణురాలు చెప్పిన పద్ధతిని చాలామంది పిల్లల వైద్యులు సూచిస్తారు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అనేవి పెద్దవాళ్ల నిర్ణయం. తినాలా వద్దా, ఎంత తినాలి అనేవి పిల్లల నిర్ణయం. మన ఇళ్లలో ఇది సరిగ్గా తలకిందులుగా నడుస్తుంది. ఏం కావాలమ్మా, నూడుల్సా, బిస్కెట్టా అని పిల్లను అడుగుతాం. ఎంత తినాలో మాత్రం మనం నిర్ణయించి, ఇంకో ముద్ద, ఇంకొక్క ముద్ద అని వెంటపడతాం.

తెనాలి అమ్మమ్మ

డాలస్ అమ్మాయి చెప్పిన దాంట్లో సగానికి ఒప్పుకుంటాను. బిస్కెట్ల డబ్బా కిందికి దించకూడదు, సరే. కానీ ఎంత తినాలో వాడి ఇష్టం అని రాత్రి రెండు ముద్దలతో వదిలేస్తే, తెల్లవారుజామున ఆకలేసి ఏడిచేవాణ్ని ఎత్తుకునేది ఎవరు? కాగితం మీద రాసిన నిపుణురాలు కాదు. ఇంట్లో ఉన్న నాలాంటి ముసలిది. సాయంత్రం ఐదింటికి మారాం చేసేటప్పుడు కోడలు ఆఫీసులో ఉంటుంది, కొడుకు దారిలో ఉంటాడు. నియమం పెట్టేది ఒకరు, దాన్ని మోసేది ఇంకొకరు అయితే ఆ నియమం నిలవదు.

పిల్లల వార్డు నర్సు

అమ్మమ్మగారి భయం ఉత్తది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. మూడింట రెండు వంతుల మంది! పిల్లవాడు తినలేదంటే పెద్దవాళ్ల గుండె జారడంలో తప్పేమీ లేదు.

అయితే ఆకలి తగ్గిందని బెంగపడి వచ్చే తల్లులకు నేను ముందుగా చెప్పేది ఎదుగుదల గురించి. 3 కిలోల బిడ్డ మొదటి పుట్టినరోజుకు సుమారు 9 కిలోలకు వస్తాడు. ఆ తర్వాత బడి వయసు వరకు ఏడాదికి 2 కిలోలకు అటూఇటూగానే పెరుగుతాడు. ఎదుగుదల నెమ్మదించినప్పుడు ఆకలీ తగ్గుతుంది. అది జబ్బు కాదు. ఒక పూట వదిలేసి ఇంకో పూట బాగా తినడం ఈ వయసులో మామూలే. బరువు, ఎత్తు ఎదుగుదల పట్టికలోని గీత మీద సరిగ్గా సాగుతుంటే పూటపూటా ముద్దలు లెక్కపెట్టవద్దు. బరువు పెరగకపోయినా, బిడ్డ పాలిపోయినట్లు ఉన్నా అప్పుడు డాక్టరుకు చూపించండి.

తరువాత అడిగేది పాల గురించి. రోజుకు అరలీటరు దాటి తాగే పిల్లలు చాలామంది కనిపిస్తారు. అన్నం తినలేదని పాలు పడతారు, పాలతో కడుపు నిండి మళ్లీ అన్నం తినడు. పాలలో ఇనుము చాలా తక్కువ, పైగా ఇతర ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

ఎవరి చేత్తో తిన్నా కింద కూర్చుని, మాట్లాడుకుంటూ, కంచం చూస్తూ తినాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 సూచనల్లో ఆరు నెలల నుంచి రెండేళ్లలోపు పిల్లలకు తినిపించేటప్పుడే వాళ్లు సొంతంగా తినేలా ప్రోత్సహించాలని ఉంది. నాలుగేళ్లంటే ఆలస్యమైనట్టే, కానీ ఇప్పుడైనా వస్తుంది. వేరుశనగ గుండ్లు, వేయించిన శనగలు మాత్రం ఐదేళ్లలోపు పిల్లలకు గింజలుగా పెట్టకండి, పొడి చేసి కలపండి. ద్రాక్షపండును నిలువుగా చీల్చి ఇవ్వండి. పరుగెత్తే పిల్లవాడి వెనక ముద్ద పట్టుకుని తిరగడం, ఏడుస్తున్నప్పుడు నోట్లో కుక్కడం అసలు వద్దు. ఆ రెండు సందర్భాల్లోనూ గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.

కొత్తపేట నాన్న

సంపెంగగారూ, మీ మొదటి సందేశంలో ఒక మనిషి ఒక్క మాట అని తప్పుకున్నారు, మీవారు. ఇంత చర్చలో అత్తాకోడళ్ల మీదే అందరి కళ్లూ ఉన్నాయి. తండ్రి ఏం చేస్తున్నాడని ఎవరూ అడగలేదు.

మా ఇంట్లో రాత్రి భోజనం బాధ్యత నాది. నేనూ పాపా ఒకే సమయానికి పక్కపక్కన కూర్చుంటాం. నా కంచంలో ఏముందో తన కంచంలోనూ అదే, కారం తగ్గించి. నేను కలుపుకుంటుంటే చూసి తనూ కలుపుకుంటుంది. కింద ఒక పాత దుప్పటి పరుస్తాను, తర్వాత దులిపేది కూడా నేనే. నా ఫోను పడకగదిలో ఉంటుంది, ఎందుకంటే నా చేతిలో ఉంచుకుని తనను వద్దనే హక్కు నాకు లేదు. పిల్లవాడు తినడం ఎదుటివాళ్లను చూసి నేర్చుకుంటాడు. మీ బాబు రోజూ ఎవరు తినడం చూస్తున్నాడు? వాడికి ముందు పెట్టేసి మీరంతా తర్వాత తింటున్నారేమో చూసుకోండి.

విశాఖ సంపెంగ

అవునండీ, వాడికి ఏడింటికే పెట్టేస్తారు. మేము తొమ్మిదిన్నరకు తింటాం. మేము కంచాల ముందు కూర్చోవడం వాడు చూసేది ఆదివారం మధ్యాహ్నం మాత్రమే.

ఈ చర్చను అత్తయ్యకు చదివి వినిపించాను. తెనాలి అమ్మమ్మగారి మాటలకు ఆవిడ కళ్లు చెమర్చాయి. టీచరమ్మగారు చెప్పినట్లు ముద్దలు చేసి కంచం అంచున పెట్టడానికి ఒప్పుకున్నారు. ఫోను తీసేస్తే వాడు చేసే గొడవ తన ఒక్కదాని వల్ల కాదని, ఆ పూట నేనో, ఆయనో ఉండాలని చెప్పారు. న్యాయమే.

మావారు ఇంటికి చేరేసరికి ఎనిమిది. వాడి భోజనం ఎనిమిదికి జరపాలని నేను, ఆలస్యంగా తింటే అరగదు, ఏడే మంచిదని అత్తయ్య. వాడు తొమ్మిదికి పడుకుంటాడు. ఎనిమిదికి అందరూ కలిసి తినే ఇళ్లవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, పిల్లల నిద్రకు ఇబ్బంది వస్తోందా? సాయంత్రం ఆరింటికి ఆకలి ఆగడానికి ఏం పెడుతున్నారు?

నెల్లూరు కవలల తల్లి

మాది ఎనిమిదే. నిద్రకు ఏ ఇబ్బందీ లేదు. సాయంత్రం ఐదున్నరకు ఒక అరటిపండు, లేదా రాగి పిండి, బెల్లం కలిపి పోసిన చిన్న దోసె. ఆరు దాటాక ఏమీ పెట్టను, పాలు కూడా. ఆరు దాటాక పాలు పడితే ఎనిమిదింటి కంచం ముట్టరు.