పాత తిరుపతి: గోవిందరాజస్వామి గుడి చుట్టూ వీధుల చరిత్ర, అక్కడి ప్రముఖులు. బోర్డుల మీద ఏం రాయొచ్చు?

వీధిబోర్డులు

అందరికీ నమస్కారం. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో నడిచి చూసేవాళ్ల కోసం పన్నెండు చిన్న బోర్డులు తయారు చేస్తున్నాం. ఒక్కో బోర్డులో నలభై మాటలకు మించి పట్టవు. మాడ వీధులు, తేరు వీధి, కోటకొమ్మల వీధి, బండ్ల వీధి, గాంధీ రోడ్డు, అక్కణ్ణుంచి తాతయ్యగుంట దాకా దారి అనుకున్నాం. మూడు చోట్ల పని ఆగింది.

ఒకటి, ఊరు పుట్టిన ఏడు 1130 అని నేరుగా రాసేయొచ్చా? రెండు, ప్రముఖుల కింద అన్నమయ్య, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, అనంతశయనం అయ్యంగార్ పేర్లు వచ్చాయి. వీళ్లలో ఈ వీధులకు నిజంగా చెందేవాళ్లు ఎవరు? మూడు, ఒక పాత ఇల్లు ఎవరిదో, ఎప్పటిదో కాగితాల మీద తేల్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? వాట్సాప్‌లో తిరిగే చరిత్ర మాకు వద్దు. కాగితమో రాయో చూపించగలిగినదే కావాలి.

శాసనపాఠం

మంచి పని అండీ. మొదటి ప్రశ్న సంగతి ముందు చెప్తాను.

1130లో రామానుజులు గోవిందరాజస్వామిని ఇక్కడ ప్రతిష్ఠించి, గుడి చుట్టూ ఊరు కట్టించారన్నది వైష్ణవ సంప్రదాయం. ఫిబ్రవరి 24న ఊరి పుట్టినరోజు చేస్తున్నది కూడా ఆ లెక్కతోనే. బోర్డు మీద ‘సంప్రదాయం ప్రకారం 1130’ అనండి. ఆ రెండు మాటలు తీసేస్తే మాత్రం తప్పవుతుంది. ఎందుకంటే గుడిలో అంతకుముందే పార్థసారథి స్వామి ఉన్నారు. జనావాసం కూడా అంతకుముందే, ఇప్పటి కపిలతీర్థం రోడ్డు వైపు కొత్తూరు పేరుతో ఉండేదని చెబుతారు. కాబట్టి 1130ని ఊరికి ఆరంభం అనడం కంటే, ఊరు గోవిందరాజస్వామి చుట్టూ చేరిన ఏడు అనడం సరిగ్గా ఉంటుంది.

బయటి గాలిగోపురానికి ఒక బోర్డు తప్పకుండా పెట్టండి. ఏడంతస్తులు, సుమారు 50 మీటర్ల ఎత్తు, పైన 11 కలశాలు. కట్టించింది మట్ల అనంతరాజు. విజయనగర రాజులు కట్టించారని చాలామంది రాసేస్తుంటారు. అది నిజం కాదు. గోపురం కింద నడవలో పక్క గోడ చూడండి, మట్ల రాజు, ఆయన రాణుల శిల్పాలు ఉంటాయి. జనం దేవుడి బొమ్మలనుకుని దాటిపోతారు. బోర్డు అక్కడికే చూపు తిప్పేలా ఉండాలి.

శాసనాల నుంచి ఏడు తీసుకునేటప్పుడు జాగ్రత్త. శక సంవత్సరానికి 78 కలపడం అందరికీ తెలుసు. కానీ జనవరి నుంచి ఉగాది దాకా పడే తిథులకు 79 కలపాలి. దీనికి మీ జాబితాలోని అన్నమయ్యే ఉదాహరణ. రాగిరేకు మీద శక 1346 క్రోధి సంవత్సరం మొదలు శక 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా సంకీర్తనలు చెప్పినట్టు ఉంది. 1424కు 78 కలిపితే 1502 వస్తుంది, అది తప్పు. ఫాల్గుణం కాబట్టి 1503. ఇంకో చిక్కు కూడా ఇందులోనే ఉంది: మొదలుపెట్టిన శక 1346 అంటే క్రీస్తుశకం 1424. అదే అంకె అటు ముగింపులో శక సంవత్సరంగా, ఇటు మొదట్లో క్రీస్తు సంవత్సరంగా వస్తుంది. ఈ రెండూ తారుమారైన ఫ్లెక్సీలు ఊళ్లోనే కనబడతాయి. అందుకే ఎప్పుడూ సంవత్సరం పేరుతో సరిచూసుకోండి. క్రోధి, దుందుభి లాంటి పేరు అరవై ఏళ్లకు ఒకసారే వస్తుంది కాబట్టి అంకె జారినా పేరు పట్టిస్తుంది.

గోడ మీద అక్షరాలు చదవాలంటే ఉదయమో సాయంత్రమో ఎండ పక్కనుంచి పడేటప్పుడు చూడండి, నడినెత్తి ఎండలో గీతలు కనబడవు. సుద్ద, పిండి, నూనె పూయకండి. రాయి రంధ్రాల్లోకి దిగి అక్షరం అంచు పాడవుతుంది. తడికాగితం వేసి బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది అచ్చు తీయడం అనుమతి లేకుండా చేయకూడదు. అసలు ఆ అవసరమే రాదు. 1930ల్లో దేవస్థానం ఆరు సంపుటాలుగా శాసనాలు అచ్చువేసింది. తిరుమల, తిరుపతి కలిపి వెయ్యికి పైగా ఉన్నాయి. ఎక్కువభాగం తమిళంలో ఉన్నాయి, తెలుగు, కన్నడ శాసనాలు తక్కువ.

వాటిలో ‘విట్టవన్ విళుక్కాడు’ అన్న మాట కోసం చూడండి. దాత సొమ్ము ఇచ్చి నైవేద్యం ఏర్పాటు చేస్తే, ఆ ప్రసాదంలో నాలుగోవంతు దాతకు చెందేది. దాన్నే అలా అనేవారు. ఆ వంతు ఎవరికి ఇవ్వాలి, ఏ మఠానికి పోవాలి అన్నది శాసనంలోనే రాసి ఉంటుంది. మనుషులు, మఠాలు, సత్రాల పేర్లు మీకు అక్కడ దొరుకుతాయి.

పాతదస్తావేజు

మూడో ప్రశ్నకు నేను చెప్తాను సార్.

ముందుగా ఊరి పేరు. పాత కాగితాల్లో ‘తిరుపతి’ అని ఉంటే కొండ మీదిదా కింద ఊరిదా అన్నది తేల్చుకోకుండా ముందుకు పోవద్దు. ఎగువ తిరుపతి, దిగువ తిరుపతి అని రెండు వాడుకలు ఉండేవి. ఈస్టిండియా కంపెనీ వాళ్ల కాగితాల్లో ‘త్రిపెట్టి’ అని కూడా కనిపిస్తుంది. కొండమీద ఉన్నవాళ్లను తెచ్చి మాడ వీధిలో పెట్టేయడం సగం ఇక్కడే జరుగుతుంది.

తర్వాత జిల్లా. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు తిరుపతి ఉత్తర ఆర్కాటు జిల్లా, చంద్రగిరి తాలూకా. కాబట్టి 1911కు ముందరి కలెక్టరు కాగితాలు చిత్తూరులో అడిగితే లేవంటారు. చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉత్తర ఆర్కాటు పేరుతో అడగాలి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వచ్చింది. దరఖాస్తులో ఈ మూడు జిల్లాల పేర్లూ, ఏడుతో సహా రాయండి.

ఇంటి లెక్కకు ఈ వరసలో పొండి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా, తీయండి. ఆన్‌లైన్‌లో 1983 నుంచి వచ్చేస్తుంది. దానికి వెనక్కి పోవాలంటే ఆఫీసులో పుస్తకాలు వెతికించాలి: మనిషి పేరు తెలిస్తే ఒకటో ఇండెక్సు, ఆస్తి వివరం తెలిస్తే రెండో ఇండెక్సు. ఈసీలో దస్తావేజు నంబరు దొరకగానే దాని నకలుకు దరఖాస్తు పెట్టండి. ఈసీ ఒక్కటే చూసి బోర్డు రాయకండి. అందులో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి, తండ్రి నుంచి కొడుక్కి వారసత్వంగా వచ్చిన ఇల్లు అసలు కనబడదు. రిజిస్ట్రేషన్ చట్టమే 1860ల్లో వచ్చింది, దానికి ముందర ఈ దారి లేదు.

నకలు చేతికొచ్చాక చెక్కుబందీ, అంటే నాలుగు దిక్కుల హద్దులు, చదవండి. పాత దస్తావేజులో వీధి పేరు కంటే అదే ముఖ్యం. తూర్పున ఫలానావారి ఇల్లు, దక్షిణాన రాజవీధి అని ఉంటుంది. గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు అన్న పేర్లతో పాత దస్తావేజుల్లో వెతికితే చేతికేమీ తగలదు. డోరు నంబరును అసలే నమ్మొద్దు, నంబర్లు మారుతూ వచ్చాయి. ఒక ఇంటి హద్దు ఆ పక్కింటి దస్తావేజులో అద్దం పట్టినట్టు తిరగబడి కనిపించాలి. దీని పడమర హద్దు దాని తూర్పు హద్దు కావాలి. అలా రెండు మూడు ఇళ్లు గొలుసులా కలిస్తేనే చోటు ఖాయం.

కొలతలు అంకణాల్లో ఉంటాయి. తిరుపతిలో అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. నెల్లూరు లెక్క వేసుకుంటే ఇల్లు రెండింతలు అయిపోతుంది. 20 అంకణాలంటే ఇక్కడ 720 చదరపు అడుగులు, అంటే 80 గజాలు.

మునిసిపాలిటీ 1886 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఇంటిపన్ను రిజిస్టర్లు ఏవి మిగిలి ఉన్నా ఆ తర్వాతివే. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అడగొచ్చు, గడువు 30 రోజులు. ‘ఫలానా ఇంటి చరిత్ర ఇవ్వండి’ అని అడిగితే తిప్పి పంపుతారు. ఫలానా వార్డు, ఫలానా ఏడు నుంచి ఫలానా ఏడు దాకా పన్ను డిమాండ్ రిజిస్టర్ చూడనివ్వండి అని అడగండి.

గుడి ఇనాం, మఠం ఇనాం (సేవ కోసం ఇచ్చిన మాన్యం) స్థలమైతే దారి వేరు. 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టర్‌లో ఇనాం ఎవరిది, ఏ సేవకు ఇచ్చారు, టైటిల్ డీడ్ నంబరు ఎంత అన్నది ఉంటుంది. గుడి చుట్టూ వీధుల్లో ముందు ఇదే చూడటం మేలు. చాలాసార్లు ఇంట్లో ఉన్నవాడు ఒకడు, స్థలం ఒకరిది.

వీధిబోర్డులు

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. ఒక చిన్న అనుమానం. ఒక నకలులో ‘జీఎస్ మాడ వీధి’ అని, ఇంకోదాంట్లో ‘ఆర్ఎస్ మాడ వీధి’ అని ఉంది. రెండూ ఒకటేనా, రాతలో పొరపాటా?

పాతదస్తావేజు

పొరపాటు కాదు, వేర్వేరు వీధులు. జీ అంటే గోవిందరాజస్వామి, ఆర్ అంటే రామస్వామి, అంటే కోదండరామస్వామి గుడి. రెండో అక్షరం దిక్కు: ఎస్ అంటే దక్షిణం, ఎన్ అంటే ఉత్తరం. ఊళ్లో రెండు పెద్ద గుళ్లు, రెండింటికీ మాడ వీధులు ఉన్నాయి కాబట్టి ఇలా పొడి అక్షరాలు పెట్టుకున్నారు. బోర్డు మీద ఈ విడమరుపు రాస్తే ఆ వీధిలో ఉండేవాళ్లే సంతోషిస్తారు.

శాసనపాఠం

ప్రముఖుల మాట మిగిలిపోయింది. నా అభిప్రాయం ఇది: పుట్టిన చోటు, ఉన్న చోటు, పనిచేసిన చోటు విడివిడిగా రాయండి.

అన్నమయ్య (1408–1503) పుట్టింది తాళ్ళపాకలో, కొలువు కొండమీద. ఈ వీధుల నివాసిగా ఆయన్ను పెట్టకండి. అన్నమయ్యను మళ్లీ మనకు చదవనిచ్చినవాళ్లను పెట్టండి, వాళ్ల పని ఈ ఊళ్లో జరిగింది. దేవస్థానం శాసనాలను చదివి అచ్చుకెక్కించిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి పేరు మీ జాబితాలో లేకపోవడం బాధగా ఉంది. ఆయన లేకపోతే పైన నేను రాసినదాంట్లో సగం ఎవరికీ తెలిసేది కాదు. వేటూరి ప్రభాకరశాస్త్రి 1888లో పెదకళ్ళేపల్లిలో పుట్టారు. 1940ల్లో ఇక్కడి శ్రీవేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళ్ళపాక వారి రాగిరేకుల మీద పనిచేసి, 1950 ఆగస్టు 29న తిరుపతిలోనే కన్నుమూశారు. రాళ్ళపల్లి వారు 1950ల్లో ఇక్కడ ఆ సంకీర్తనలకు స్వరాలు కట్టారు. 1979లో బెంగళూరులో పోయారు, అందుకని ‘ఇక్కడ పనిచేశారు’ అనే రాయాలి. పుట్టపర్తి నారాయణాచార్యులు ఇక్కడి సంస్కృత కళాశాల విద్యార్థి.

మాడభూషి అనంతశయనం అయ్యంగార్ 1891లో తిరుచానూరులో పుట్టారు. 1952లో తిరుపతి నుంచి లోక్‌సభకు గెలిచారు, 1956 నుంచి 1962 దాకా స్పీకరు, తర్వాత బీహారు గవర్నరు. మీ దారిలో తిరుచానూరు లేదు కదా, ఆయన్ను గాంధీ రోడ్డు బోర్డులోకి బలవంతంగా లాక్కురావద్దు.

గాంధీ రోడ్డులో రాయాల్సింది హథీరాంజీ మఠం. 1843లో కంపెనీ తిరుమల, తిరుపతి గుళ్ల పెత్తనం వదులుకుని ఈ మఠం మహంతు (అధిపతి) సేవాదాసుకు అప్పగించింది. 1933లో మహంతు ప్రయాగదాసు నాటికి పెత్తనం దేవస్థానం కమిటీకి వచ్చింది. తొంభై ఏళ్లు. ఆ మధ్యలోనే 1886లో మునిసిపాలిటీ, 1891లో రైలు వచ్చాయి. యాత్రికులు రైలు దిగి నేరుగా గోవిందరాజస్వామి గుడి వైపు నడవడం అప్పటినుంచే.

గుంటకాడ

తాతయ్యగుంట గంగమ్మ గుడి దాకా వస్తా ఉన్నారు కాబట్టి గంగమ్మ జాతర సంగతి సరిగ్గా రాయండన్నా. జాస్తి మంది వేషాల వరస తప్పు రాస్తారు. మంగళవారం రాత్రి చాటింపు. ఆ మర్నాడు బుధవారం బైరాగి వేషం, ఒంటికి తెల్లగా నామకొమ్ము పూసుకుంటారు. గురువారం బండ వేషం, ఎర్రగా కుంకుమ. శుక్రవారం తోటి వేషం, నల్లగా బొగ్గు. శనివారం దొర వేషం, గంధం. ఆదివారం మాతంగి, సోమవారం సున్నపు కుండలు, మంగళవారం జాతర. బుధవారం తెల్లారకముందే గుడి ముందర మట్టితో చేసిన అమ్మ విశ్వరూపం చెంప నరకడంతో అయిపోతాది. ఆ మట్టి కోసం జనం కొట్టుకుంటారు, ఇంటికి తీసకపోయి పెట్టుకుంటారు.

ఈ వరస ఊరికే పెట్టింది కాదు. ఆడవాళ్లను చెరిచే పాలెగాణ్ణి చంపాలని వెతుకుతా అమ్మ మారువేషాలు వేసింది. వాడు దొర వేషం నాడు దొరికి, అమ్మ చేతిలో చచ్చినాడు. మాతంగి వేషంలో పోయి వాడి పెండ్లాన్ని ఓదార్చింది. దొరను ముందరికి తెస్తే కథే తెగిపోతాది. అమ్మ తరఫున ఆ వేషాలు కట్టేది కైకాల వంశం వాళ్లు. బోర్డు మీద వంశం పేరు రాయండి చాలు. ఇప్పుడు ఉండే మనుషుల పేర్లు, ఇండ్లు వద్దు.

వీధిబోర్డులు

అలాగే అన్నా, ఇళ్ల గుర్తులు తీసేస్తున్నాం. మొదటి బోర్డు ఇలా రాశాం, చూడండి: ‘గోవిందరాజస్వామి గుడి. రామానుజులు 1130లో స్వామిని ప్రతిష్ఠించారని సంప్రదాయం. అంతకుముందే ఇక్కడ పార్థసారథి స్వామి కొలువై ఉన్నారు. ఏడంతస్తుల బయటి గోపురం మట్ల అనంతరాజు 1130 తర్వాత కట్టించినది. నడవ గోడ మీద ఆయన, రాణుల శిల్పాలు చూడవచ్చు.’

శాసనపాఠం

‘1130 తర్వాత’ అంటే ఆ పక్క ఏడే కట్టించినట్టు చదువుతారు. ‘17వ శతాబ్దంలో కట్టించినది’ అనండి. ‘చూడవచ్చు’ తీసేసి, ఆ చోట ‘గోపురం కిందికి వచ్చి పక్క గోడ చూడండి’ అని పెట్టండి. మిగతాది అచ్చుకు ఇవ్వొచ్చు.