సీఎన్సీ రూటర్ మోడల్ కట్టాను, సిమ్యులేషన్‌లో గాంట్రీ ఎదురు నడుస్తోంది

ప్రశ్న – పాలకొల్లు తలుపులు

నమస్కారమండి. మాది పాలకొల్లు పక్కన తలుపుల కార్ఖానా, 1325 సైజు సీఎన్సీ రూటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే మిషన్) మీద సింహద్వారాలు చెక్కుతాం. పోయిన నెల లక్ష్మీదేవి చుట్టూ తామరపూల అంచు చెక్కుతుంటే బిట్టు ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి పోతూ తిన్నగా వెళ్లి పలకని పట్టి ఉంచే క్లాంపు బోల్టుని కొట్టేసింది. బిట్టు విరిగింది, పలక జరిగింది, మిగిలిన ముక్క అమ్మవారి చేతి పక్కన జానెడు గీత పెట్టేసింది. అది పార్టీవాళ్ల తాతగారి మండువా ఇంటి దూలం కోయించిన టేకు, డబ్బిచ్చినా మళ్లీ దొరకదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నేను వాడిన మామూలు సిమ్యులేషన్‌లో (కంప్యూటర్‌లో ముందే నడిపి చూసుకోవడం) బిట్టు, చెక్క తప్ప ఇంకేమీ కనపడలేదు. అందుకే ఫ్యూజన్ (ఇదివరకటి ఫ్యూజన్ 360) అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మిషన్ మొత్తం మోడల్‌గా కడుతున్నా. వై (ముందు వెనక నడక) ప్లస్ ఇస్తే గాంట్రీ (బిట్టుని మోసే అడ్డ వంతెన) ముందుకొచ్చేస్తోంది, బిట్టేమో బెడ్డులోకి (చెక్క పెట్టే బల్ల) దిగిపోతోంది. ఎక్కడ తప్పు?

జవాబు – రావులపాలెం

జీ-కోడ్‌లో (మిషన్‌కిచ్చే ఆదేశాలు) ప్లస్, మైనస్ అంటే చెక్కని బట్టి బిట్టు ఎటు పోతోందన్నదే లెక్కండి. బెడ్డు కదిలే మిషన్‌లో వై ప్లస్ ఇస్తే బెడ్డు మన వైపు వస్తుంది, మీ 1325లో బెడ్డు కదలదు, గాంట్రీయే వెనక్కి పోవాలి. మీరు బెడ్డు కదిలే మిషన్ చూసి దిశ పెట్టినట్టున్నారు, తిప్పేయండి. ఫ్రేమ్ మీద వై, వై మీద ఎక్స్ (పక్కలకి నడక), ఎక్స్ మీద జెడ్ (పైకీ కిందికీ), దానికి స్పిండిల్ (బిట్టుని తిప్పే మోటారు), ఈ వరసలోనే తగిలించాలి, బెడ్డు మాత్రం ఫ్రేమ్‌కే. ఇక రెండోది, జెడ్ కిందికి దించి ఉన్నప్పుడు కొలిచి గీశారా? హోమ్‌లో (మిషన్ మొదలయ్యే చోటు) జెడ్ పూర్తిగా పైన ఉండేదాన్ని సున్నా అంటున్నారు కాబట్టి మోడల్ కూడా పైనున్నట్టే గీయాలి, లేకపోతే అక్కడి నుంచి ఇంకా దిగుతుంది.

జవాబు – అమలాపురం

పై ఆయన చెప్పింది కరెక్ట్. కేబుల్ చైన్, చిన్న స్క్రూలు గీస్తూ కూర్చోకండి, ఫైల్ బరువెక్కడం తప్ప ఉపయోగం లేదు. తగిలే అవకాశం ఉన్నవే కొలవండి: కొలెట్ నట్టు (బిట్టుని బిగించేది), డస్ట్ షూ (పొట్టు పీల్చే తొడుగు), జెడ్ ప్లేటు కింది అంచు, అన్నిటికంటే ముఖ్యంగా క్లాంపులు. 1325 అన్న పేరులోని 1300, 2500 మి.మీ పేరుకి చెప్పే పని సైజు. అసలు నడక ఎంతో మెల్లగా చివరిదాకా జరిపి చూసి ఆ అంకెలే లిమిట్లుగా పెట్టండి. బిట్టు నట్టు కింద ఎంత బయటికుందో బిగించిన ప్రతిసారీ వెర్నియర్‌తో చూడాలి. చెక్క మీద జీరో (కొలత మొదలయ్యే చోటు) మోడల్‌లో ఒకచోట, మిషన్ మీద ఒకచోట ఉంటే మాత్రం సిమ్యులేషన్ ఎంత బాగా వచ్చినా పనికిరాదండి.

మళ్లీ పాలకొల్లు తలుపులు

ఇద్దరికీ దణ్ణం పెడుతున్నానండి. దిశ తిప్పాను, జెడ్ పైన పెట్టి మళ్లీ గీశాను, కుదిరింది. క్లాంపులు పెట్టి ఆ పాత ఫైలే నడిపితే సరిగ్గా అదే పువ్వు దగ్గర తగులుతుందని ఎర్రగా చూపించింది. బోల్టు పలక మీదకి 38 మి.మీ లేచి ఉంది, నేను బిట్టు లేచే ఎత్తు 15 పెట్టాను! ఇప్పుడు బోల్టులు కురచగా కోయించేశాను, ఎత్తు కూడా పెంచాను. మోడల్ కావాల్సినవాళ్లు అడగండి, క్లాంపులతో సహా పంపుతాను, స్పిండిల్ కొలతలు మాత్రం మీవి మీరే పెట్టుకోవాలి.