ఇంట్లో చేసిన కార్బన్ ఫైబర్ విష్‌బోన్లతో రోడ్డెక్కవచ్చా?

గ్యారేజీ గోవిందు, కోవెంట్రీ

అందరికీ నమస్కారం. పాత లోటస్ సెవెన్ తరహాలో రెండు సీట్ల కారు ఒకటి మూడేళ్లుగా మా ఇంటి గ్యారేజీలో కట్టుకుంటున్నాను. ఇనుప గొట్టాల ఛాసిస్ కిట్‌గా కొన్నాను, మిగతాదంతా సొంత పనే. ఫోర్డ్ 2 లీటర్ డ్యూరాటెక్ ఇంజిన్, దగ్గర దగ్గర 200 హార్స్ పవర్. బండి బరువు 520 కిలోలు దాటకూడదని నా పంతం. ముక్కు భాగం, నాలుగు మడ్‌గార్డులు, రెండు సీట్లు కార్బన్ ఫైబర్‌తో నేనే చేసుకున్నాను. కిట్‌తో వచ్చిన ఫైబర్ గ్లాస్ ముక్కు 4.1 కిలోలు, నాది 2.3.

ఇప్పుడు కన్ను ముందు సస్పెన్షన్ మీద పడింది. ఇనుప విష్‌బోన్, అంటే చక్రాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే వి ఆకారపు చెయ్యి, ఒక్కోటి 1.9 కిలోలు. కార్బన్ గొట్టం తీసుకుని చివర్లలో అల్యూమినియం ముక్కలు అతికిస్తే అందులో సగం. చక్రంతో పాటు ఎగిరిపడే బరువు తగ్గితే గతుకుల్లో టైరు రోడ్డును వదలదు కదా. చేయనా, వద్దా? వద్దనేవాళ్లు కారణం కూడా చెప్పండి.

పొర మీద పొర, హైదరాబాద్

గోవిందు గారూ, పదకొండేళ్లుగా విమాన భాగాలకు కార్బన్ పొరలు వేయడమే నా ఉద్యోగం. మీ ముక్కు, మడ్‌గార్డులు ఊడిపోతే చూసినవాళ్లు నవ్వుతారు, అంతే. విష్‌బోన్ విరిగితే చక్రం మడుచుకుపోతుంది. అదీ మీరు గట్టిగా బ్రేక్ నొక్కిన క్షణంలోనే.

లెక్క వేద్దాం. మీరు కూర్చున్నాక బండి 600 కిలోలు. ఒక జీ బ్రేకింగ్‌లో, అంటే బండి బరువంత బలంతో ఆపితే, 70 శాతం భారం ముందు చక్రాలదే అనుకోండి. ఒక్కో టైరును వెనక్కి లాగే బలం సుమారు 210 కిలోలు. కింది విష్‌బోన్ చివర చక్రాన్ని పట్టుకునే బాల్ జాయింట్ నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి దాని మీద అంతకంటే ఎక్కువే పడుతుంది, మామూలు కొలతలతో 330 దాకా. ఇది నున్నటి రోడ్డు మీద. సరిగ్గా అప్పుడే గుంత తగిలితే మూడింతలు వేసుకోండి, వెయ్యి కిలోలు.

మంచి కార్బన్ గొట్టానికి వెయ్యి కిలోలు ఒక లెక్క కాదు. నా భయమంతా అతుకు గురించి. అల్యూమినియం వేడికి సాగుతుంది, కార్బన్ దాదాపు సాగదు. తడి తగిలితే ఆ రెండూ కలిసి చిన్న బ్యాటరీ అయిపోతాయి, అల్యూమినియం లోలోపల తినేసుకుపోతుంది. మీ బ్రిటన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి ఇంకా త్వరగా. అందుకే మేం మధ్యలో పలచటి గ్లాస్ ఫైబర్ పొర ఒకటి వేస్తాం. ఇంకో సంగతి, ఇనుప విష్‌బోన్ గట్టుకు తగిలితే వంగుతుంది, స్టీరింగ్ ఒక పక్కకి లాగుతుంది, మీకు తెలిసిపోతుంది. కార్బన్ లోపల పొర విడిపోయినా పైన అద్దంలా మెరుస్తూనే ఉంటుంది.

కాకినాడ పడవ

అక్కా, మీ లెక్కను కాదనను. కానీ చేత్తో చేసినదంతా నమ్మరానిదే అన్నట్టు మాట్లాడితే ఒప్పుకోను. మేం వేట పడవలు చేస్తాం. గాజు నార మ్యాటు, రోవింగ్ గుడ్డ, వాటిని తడిపి గట్టిపరిచే పాలిస్టర్ రెసిన్, బ్రష్షు, రోలరు, అంతే సరంజామా. ఆటోక్లేవ్ (ఒత్తిడితో ఉడికించే పెద్ద పొయ్యి) అనే మాట మా షెడ్డులో ఎవరూ వినలేదు. ఆ పడవలే ఏళ్ల తరబడి అలల మీద దబదబా పడుతూ తిరుగుతున్నాయి. పనిలో చెయ్యి కుదరాలి గానీ యంత్రాలదేముంది.

గోవిందు అన్నా, గాలి లాగే బ్యాగు ఎలా పట్టించావు? గాలి బుడగలు ఉన్నాయా? అది చెప్పు ముందు.

గ్యారేజీ గోవిందు, కోవెంట్రీ

చెబుతాను, తప్పుంటే తిట్టండి. రెసిన్ అతుక్కోకుండా అచ్చుకు వ్యాక్స్ ఆరు కోట్లు, ప్రతి కోటు ఆరాక గుడ్డతో రుద్దడం. దాని మీద చదరపు మీటరుకు 200 గ్రాముల ట్విల్ గుడ్డ. పడుగూ పేకా ఒకసారి నేరుగా, ఒకసారి 45 డిగ్రీలు తిప్పి. పైన పీల్ ప్లై (తర్వాత ఒలిచేసే గుడ్డ), రెసిన్ పారే జాలీ, ప్లాస్టిక్ బ్యాగు, చుట్టూ బంక టేపు. పంపు పెట్టి గాలి లాగేశాక పైపు బిగించి పావుగంట గేజీ ముల్లు చూస్తూ కూర్చోవాలి. మొదటిసారి ముల్లు సన్నగా జారుతూనే ఉంది. చెవి ఆనించి వింటే బ్యాగు మడత దగ్గర పాము బుసలా శబ్దం. టేపు అక్కడ ముడతపడింది. దాన్ని సరిచేశాకే రెసిన్ వదిలాను. గుడ్డ మీద నూనె మరక పాకినట్టు నల్లగా పాకుతుంటే, నిజం చెప్పొద్దూ, నా పెళ్లినాడు కూడా అంత టెన్షన్ పడలేదు.

విడదీశాక నాణెంతో కొట్టి చూశాను, సంతలో కుండ కొట్టి చూసినట్టు. అంతటా టంగ్ టంగ్ అంటుంటే కుడి హెడ్‌లైట్ పక్కన మాత్రం మొద్దుగా పలికింది. రెసిన్ అందని చోటు, అరచేతిలో సగం. కోసేసి మళ్లీ అతుకు వేశాను.

అయినా ఒక మాట. 1981లో కార్బన్ ఫైబర్ ఒంటితో మెక్‌లారెన్ ఎంపీ4/1 అనే ఫార్ములా 1 కారు వచ్చినప్పుడు కూడా గుద్దుకుంటే పొడైపోతుందని చాలామంది అనుమానపడ్డారు. ఆ ఏడాది ఇటలీలోని మోంజా ట్రాక్‌లో దాని డ్రైవరు జాన్ వాట్సన్ ఘోరంగా గుద్దితే ఇంజిన్ ఊడి వేరే పడింది, మనిషి నడుచుకుంటూ వచ్చాడు. ఈ రోజు ఫార్ములా 1 కార్లన్నిటికీ విష్‌బోన్లు కార్బన్‌వే కదా?

పొర మీద పొర, హైదరాబాద్

ఆ కారు గీసింది జాన్ బర్నార్డ్, నిజమే. డ్రైవరు కూర్చునే కార్బన్ తొట్టి చేసిపెట్టింది మాత్రం అమెరికాలో యూటాలోని హెర్క్యులీస్ కంపెనీ, రాకెట్ మోటార్లు చేసేవాళ్లు. ఇంగ్లండ్‌లో కుదరకే వాళ్లు అంత దూరం వెళ్లారు. ఇప్పటి ఫార్ములా 1 విష్‌బోన్‌ను బండికి ఎక్కించే ముందు లాగి పరీక్షిస్తారు, అల్ట్రాసౌండ్‌తో లోపల చూస్తారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసుకుని గడువు తీరగానే తీసేస్తారు. మీరు పదేళ్లు తిప్పుతారు, తర్వాత ఇంకొకరికి అమ్ముతారు. ఆయనకు నాణెంతో కొట్టి చూడాలని ఎవరు చెబుతారు?

కాకినాడ తమ్ముడూ, మీ పడవ గోడ మందమెంత? ఎనిమిది మిల్లీమీటర్లు ఉంటుందా? బరువు గొడవ లేదు కాబట్టి నాలుగు పొరలు ఎక్కువే వేస్తారు. పొరపాటును ఆ మందం మింగేస్తుంది. ఈయన చేస్తున్నదే మందం తగ్గించడానికి.

కాకినాడ పడవ

పది మిల్లీమీటర్లు అక్కా, అడుగున ఇంకా ఎక్కువ. సరే, ఆ పాయింటు నీదే.

సీటు బెల్టు సుబ్బు

2023 జూన్‌లో టైటానిక్ శిథిలాలు చూడబోయి నలిగిపోయిన టైటాన్ జలాంతర్గామి సంగతి అందరూ మరిచిపోయినట్టున్నారు. ఐదుగురు పోయారు. అదీ కార్బన్ ఫైబరే, అదీ "మాకు తెలుసులే" అనుకున్నవాళ్లు చేసిందే. ఇంకేం చర్చ?

పొర మీద పొర, హైదరాబాద్

సుబ్బు గారూ, అది వేరే జాతి. సముద్రం అడుగున గొట్టాన్ని అన్ని వైపుల నుంచీ నొక్కుతుంది. కార్బన్ దారం లాగితే బలం, నొక్కితే అంత కాదు. విష్‌బోన్ గొట్టం పని ఎక్కువగా తోపు, లాగుడే, ఆ బలాలూ చిన్నవి. అయితే ఒక పోలిక ఉంది. తర్వాత దొరికిన ముక్కల్లో పొరలు ముడతపడటం, గాలి ఖాళీలు కనిపించాయి. అంతకు ముందు ఏడాది ఒక మునకలో పెద్ద చప్పుడు వచ్చినా దాన్నే వాడారు. గోవిందు గారు మొద్దుగా పలికిన చోటును కోసేశారు. ఆ తేడా నాకు నచ్చింది. నచ్చినా విష్‌బోన్‌కు ఒప్పుకోను.

రూల్స్ రంగడు, విజయవాడ

ఇది చదివి ఇక్కడి కుర్రాళ్లు తమ స్విఫ్టుల మీద మొదలుపెట్టకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ట్రాక్ మీద ఆడుకునే బండి వేరే సంగతి. బ్రిటన్‌లో ఎలాగో గోవిందే చెప్పాలి.

గ్యారేజీ గోవిందు, కోవెంట్రీ

ఇక్కడ సొంతంగా కట్టిన బండికి ఐవీఏ అనే పరీక్ష ఉంది. అది పాసైతే రోడ్డు నంబరు ఇస్తారు. బ్రేకులు, లైట్లు, పొగ, అద్దాలు, బయటి అంచులు అన్నీ చూస్తారు. తగిలితే కోసుకునే అంచు ఉండకూడదు, కనీసం రెండున్నర మిల్లీమీటర్ల గుండ్రం కావాలి. నా మడ్‌గార్డు మందమే రెండు మిల్లీమీటర్లు, కాబట్టి చుట్టూ రబ్బరు బీడింగ్ తొడగాల్సి వచ్చింది. తమాషా ఏమిటంటే మడ్‌గార్డు అంచును అంత పట్టి చూసే పరీక్షలో విష్‌బోన్‌ను కోసి లోపల చూసేవాళ్లు ఎవరూ ఉండరు. ఇన్సూరెన్స్ కంపెనీకి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

ఖర్చెంత

నాలుగు విష్‌బోన్లకు కలిపి మిగిలేది నాలుగు కిలోల లోపే. గోవిందు అన్నా, నెల రోజులు రాత్రి అన్నం మానెయ్. సున్నా ఖర్చు.

కాకినాడ పడవ

అది చక్రం దగ్గరి బరువు, పొట్ట దగ్గరిది కాదు బాబూ. అక్కా, వద్దంటే మనిషి మానేస్తాడా? విరగ్గొట్టి చూడమందాం. మేం కొత్త రెసిన్ డ్రమ్ము తెస్తే ముందు ఒక పలక వేసి సుత్తితో కొట్టి చూస్తాం.

పొర మీద పొర, హైదరాబాద్

దానికి అడ్డు చెప్పను. ఒకే తీరులో రెండు అతుకులు చేయండి, రెండూ విరిగేదాకా లాగండి, అంకెలు ఇక్కడ పెట్టండి.

గ్యారేజీ గోవిందు, కోవెంట్రీ (మూడు వారాల తర్వాత)

లాగాను. రెండు ఇనుప ఛానళ్ల మధ్య రెండు టన్నుల జాకీ, 3 టన్నుల దాకా చూపే వేలాడే డిజిటల్ కాటా, మధ్యలో అతుకు. నేను తలుపు వెనకాల. గొట్టం లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు, లోపలికి దూర్చిన అల్యూమినియం పొడవు 30. జిగురు డబ్బా మీద రాసిన బలం ప్రకారం మూడున్నర టన్నులు పట్టాలి.

మొదటిది 890 కిలోల దగ్గర టప్‌మని ఊడింది. రెండోది 1,140. అక్కయ్య చెప్పిన గుంత లెక్కకు సరిగ్గా అటొకటి ఇటొకటి. గొట్టాలకు గీత కూడా పడలేదు.

పొర మీద పొర, హైదరాబాద్

ఊడిన అల్యూమినియం ముక్క మీద జిగురు మిగిలిందా?

గ్యారేజీ గోవిందు, కోవెంట్రీ

లేదు. కొత్త గ్లాసులా మెరుస్తోంది. జిగురంతా కార్బన్ వైపే ఉండిపోయింది.

పొర మీద పొర, హైదరాబాద్

అంటే జిగురు తెగలేదు, అల్యూమినియాన్ని అసలు పట్టుకోనే లేదు. అతికించే ముందు గరుకు కాగితం పట్టారా?

గ్యారేజీ గోవిందు, కోవెంట్రీ

పట్టాను, 120 నంబరు. తర్వాత అసిటోన్‌తో తుడిచాను కూడా.

కాకినాడ పడవ

ఏ గుడ్డతో తుడిచావన్నా?

గ్యారేజీ గోవిందు, కోవెంట్రీ

బల్ల మీద ఉన్న గుడ్డతోనే.

ఆగండి. అది అచ్చుకు వ్యాక్స్ రుద్దిన గుడ్డ.